స్ప్రెడ్‌షీట్‌లోని చార్టును కాగితం మీద చక్కగా ప్రింట్ తీయడం ఎలా

తెర మీద చార్టు చూడముచ్చటగా ఉంటుంది. ప్రింట్ కొట్టగానే సగం ఒక కాగితం మీద, మిగతా సగం ఇంకో కాగితం మీద వస్తుంది. లేదంటే చార్టు మూలన అగ్గిపెట్టంత వచ్చి, మిగతా పేజీ అంతా అంకెలతో నిండిపోతుంది. నలుపు తెలుపు ప్రింటర్ అయితే ఏ గీత ఏ సంవత్సరానిదో పోల్చుకోలేం. ప్రింటర్‌ను తిట్టుకుంటాం గానీ, పది సార్లలో తొమ్మిది సార్లు తప్పు ప్రింటర్‌ది కాదు. ప్రింట్ కొట్టే ముందు షీట్‌లో మీరు దేని మీద క్లిక్ చేసి ఉన్నారో, చార్టును ఏ సైజు కాగితం కోసం తయారు చేశారో, ఆ రెండింటి మీదే అంతా ఆధారపడి ఉంటుంది.

ఎక్కువ మంది వాడేది ఎక్సెల్ కాబట్టి అందులోని పద్ధతి వివరంగా చెబుతాను. గూగుల్ షీట్స్, లిబ్రేఆఫీస్ కాల్క్ వాడేవాళ్లకు కావలసినవి చివర్లో ఉన్నాయి. మెనూల పేర్లు ఇంగ్లీషులో ఎలా కనిపిస్తాయో అలాగే తెలుగు లిపిలో రాశాను, వెతుక్కోవడానికి తేలిక.

చార్టు ఒక్కటే కావాలా, పట్టికతో కలిపి కావాలా

ఇది ముందే తేల్చుకోండి. ఎందుకంటే ఎక్సెల్ ఈ ప్రశ్న మిమ్మల్ని అడగదు. మీ మౌస్ చివరిసారి ఎక్కడ క్లిక్ అయిందో చూసి తనే తేల్చేస్తుంది. చార్టు మీద క్లిక్ చేసి ఉంటే చార్టు మాత్రమే పేజీ నిండా వస్తుంది. ఏదైనా ఖాళీ సెల్ మీద క్లిక్ చేసి ఉంటే షీట్ మొత్తం, అంటే పట్టిక, చార్టు, పక్కన మీరు లెక్కలు వేసుకున్న చిత్తు అంకెలతో సహా వస్తుంది. నిన్న సరిగ్గా వచ్చిన ప్రింట్ ఇవాళ రాకపోవడానికి చాలాసార్లు కారణం ఇంతే.

చార్టు ఒక్కటే కావాలంటే పని చాలా తేలిక.

1. చార్టు అంచుకు దగ్గరగా, ఖాళీగా ఉన్న చోట ఒకసారి క్లిక్ చేయండి. చుట్టూ చిన్న చుక్కల్లాంటి పట్టుకొమ్మలు కనిపిస్తాయి.
2. కంట్రోల్, పి కలిపి నొక్కండి. మ్యాక్‌లో అయితే కమాండ్, పి.
3. సెట్టింగ్స్ కింద మొదటి పెట్టెలో ప్రింట్ సెలెక్టెడ్ చార్ట్ అని ఉందో లేదో చూడండి. ప్రింట్ యాక్టివ్ షీట్స్ అని ఉంటే చార్టు సెలెక్ట్ కాలేదన్నమాట, వెనక్కి వెళ్లి మళ్లీ క్లిక్ చేయండి.
4. అడ్డ పేజీయా, నిలువు పేజీయా అన్నది ఓరియంటేషన్‌లో ఎంచుకోండి. నెలల వారీ గీతలకు, కాలమ్ చార్టులకు ల్యాండ్‌స్కేప్ నప్పుతుంది. పొడుగు పేర్లున్న అడ్డ బార్ చార్టుకు పోర్ట్రెయిట్ మేలు.
5. కుడివైపు ప్రివ్యూ చూసి ప్రింట్ కొట్టండి.

చార్టు పేజీ నిండేలా సాగుతుంది కాబట్టి, షీట్‌లో మీరు చతురస్రంగా పెట్టుకున్న చార్టు కాగితం మీద అదే ఆకారంలో ఉంటుందన్న నమ్మకం పెట్టుకోవద్దు. ప్రివ్యూలో ఆకారం తేడాగా అనిపిస్తే చార్టును షీట్‌లోనే కాగితం ఆకారానికి దగ్గరగా లాగి మళ్లీ చూడండి.

ఒకే చార్టును నెలనెలా ప్రింట్ తీయాల్సిన పని ఉంటే దాన్ని ప్రత్యేక చార్ట్ షీట్‌గా మార్చేయండి. చార్టు మీద రైట్ క్లిక్ చేసి మూవ్ చార్ట్, అందులో న్యూ షీట్ ఎంచుకుంటే చాలు. కింద ట్యాబుల్లో అది సొంత షీట్‌గా కూర్చుంటుంది. ఆ షీట్‌లో సెల్స్ ఉండవు కాబట్టి ఎక్కడ క్లిక్ చేశామన్న గొడవ లేదు, ఎప్పుడు ప్రింట్ కొట్టినా చార్టే వస్తుంది. డేటా ఎంచుకుని ఎఫ్11 నొక్కినా నేరుగా ఇలాంటి షీటే తయారవుతుంది.

పట్టిక, చార్టు ఒకే పేజీలో

అసలు పేచీ ఇక్కడే. స్ప్రెడ్‌షీట్‌కు పేజీ అన్న ఊహే లేదు. అది కుడికీ, కిందికీ అలా సాగిపోతూనే ఉంటుంది. కాగితం మాత్రం ఎ4 అయితే 210 మిల్లీమీటర్ల వెడల్పు, 297 మిల్లీమీటర్ల పొడుగు, అంతే. పేజీ ఎక్కడ తెగుతుందో మీరు చూసుకోకపోతే ఎక్సెల్ తనకు తోచిన చోట తెంపుతుంది, చార్టు నడిమధ్యలో అయినా సరే.

అందుకే మొదట వ్యూ ట్యాబులోకి వెళ్లి పేజ్ బ్రేక్ ప్రివ్యూ నొక్కండి. షీట్ మీద నీలం గీతలు కనిపిస్తాయి. చుక్కల గీతలు ఎక్సెల్ తనంతట తాను వేసినవి, నిండు గీతలు మీరు పెట్టినవి. చార్టు మీదుగా చుక్కల గీత పోతోందంటే చార్టు రెండు కాగితాల మీద పడుతుందని ముందే తెలిసిపోయినట్టే. చార్టు కుడి అంచు గీతను వెంట్రుకవాసి దాటినా చాలు, రెండో కాగితం బయటికి వస్తుంది. దాని మీద సన్నటి అంచు తప్ప ఏమీ ఉండదు.

ఇప్పుడు చార్టును లాగి గీత లోపలికి తేవాలి. లాగేటప్పుడు ఆల్ట్ కీ నొక్కి పట్టుకోండి. అలా చేస్తే చార్టు అంచు సరిగ్గా సెల్ అంచుకు అతుక్కుంటుంది, పట్టికకూ చార్టుకూ ఎడమ అంచు ఒకే వరసలో ఉంటుంది. కాగితం మీద అందంగా కనిపించే ప్రింట్లకు సగం అందం ఆ వరస వల్లే వస్తుంది.

తర్వాత ప్రింట్ ఏరియా పెట్టండి. పట్టిక, చార్టు రెండూ పూర్తిగా కలిసొచ్చేలా సెల్స్ ఎంచుకుని, పేజ్ లేఅవుట్ ట్యాబులో ప్రింట్ ఏరియా, సెట్ ప్రింట్ ఏరియా నొక్కాలి. చార్టు కింద ఉన్న సెల్స్‌ను ఎంచుకుంటే చార్టు దానంతట అదే కలుస్తుంది. ఎంపిక చార్టు చివరి కన్నా ఒక వరుస ఎక్కువే ఉండనివ్వండి. ఈ సెట్టింగ్ ఫైలుతో పాటే సేవ్ అవుతుంది. ఇక నుంచి పక్కన ఎన్ని చిత్తు లెక్కలు వేసుకున్నా ప్రింట్‌లోకి రావు. తిరకాసు కూడా అదే: తర్వాత ఎప్పుడో కొత్త చార్టు పెట్టి అది ప్రింట్ కావడం లేదని కంగారు పడితే, పాత ప్రింట్ ఏరియా అలాగే ఉందేమో ముందు చూడండి.

ఇక స్కేలింగ్. ప్రింట్ స్క్రీన్‌లో నో స్కేలింగ్ అని ఉన్న చోట ఫిట్ షీట్ ఆన్ వన్ పేజ్ ఎంచుకోమని అందరూ చెబుతారు. చిన్న పట్టికకు అది మంచి సలహానే. పట్టిక నూట ఇరవై వరుసల దాకా ఉంటే మాత్రం అది చేసే పని చూడండి: అంతా ఒక్క పేజీలో ఇరికించడానికి షీట్‌ను ఏ 40 శాతానికో కుదించేస్తుంది. చార్టులో 10 పాయింట్ల అక్షరాలు కాగితం మీద 4 పాయింట్లవుతాయి. 4 పాయింట్లంటే మిల్లీమీటరున్నర కన్నా తక్కువ ఎత్తు. భూతద్దం కావాలి. పెద్ద పట్టికను మొత్తం ప్రింట్ తీయాల్సి వస్తే ఫిట్ ఆల్ కాలమ్స్ ఆన్ వన్ పేజ్ వాడండి. వెడల్పు మాత్రం ఒక పేజీకి సర్దుకుని, పొడుగు ఎన్ని పేజీలైతే అన్ని పేజీలు పోతుంది. చార్టును మొదటి పేజీ పైభాగంలో పెట్టి, పట్టికను దాని కింద మొదలుపెడితే చదివేవాళ్లకు కూడా హాయి.

మార్జిన్లు నార్మల్ నుంచి నారోకి మార్చినా కొంత చోటు కలిసొస్తుంది. సున్నా మాత్రం పెట్టకండి. మామూలు ప్రింటర్లు కాగితం అంచుదాకా సిరా వేయలేవు, కొన్ని మిల్లీమీటర్లు వదిలేస్తాయి, ఆ మేరకు చార్టు అంచు తెగిపోతుంది.

వరుసలు దాచితే చార్టు మాయం

పట్టిక అక్కర్లేదు, పైన హెడ్డింగు, కింద చార్టు, రెండు వాక్యాల నోట్ ఉంటే చాలు అనుకుంటారు. ప్రింట్‌లో పట్టిక రాకుండా దాని వరుసలు ఎంచుకుని హైడ్ నొక్కుతారు. నొక్కగానే రెండు సంగతులు జరుగుతాయి. చార్టులోని గీతలన్నీ మాయమై ఖాళీ డబ్బా మిగులుతుంది. ఆ డబ్బా కూడా నలిగి పీలగా అయిపోవచ్చు. డేటా పోయిందేమోనని టెన్షన్ పడక్కర్లేదు, రెండింటికీ వేర్వేరు కారణాలున్నాయి.

గీతలు మాయమవడానికి కారణం: దాచిన వరుసల్లోని అంకెలను చార్టులో చూపించకూడదన్నది ఎక్సెల్ మామూలు లెక్క. ఫిల్టర్ పెట్టినా ఇదే జరుగుతుంది. మార్చాలంటే చార్టు మీద రైట్ క్లిక్ చేసి సెలెక్ట్ డేటా తెరవండి. ఆ పెట్టెలో కింద ఎడమ మూలన హిడెన్ అండ్ ఎంప్టీ సెల్స్ అని బటన్ ఉంటుంది. చాలామంది కంటికి ఆనదు. అది నొక్కి, షో డేటా ఇన్ హిడెన్ రోస్ అండ్ కాలమ్స్ పక్కన టిక్ పెట్టి ఓకే చేయండి. గీతలు తిరిగొస్తాయి.

చార్టు నలిగిపోవడానికి కారణం అది ఆ వరుసల పక్కనే, వాటి మీదే ఉండటం. మామూలుగా చార్టు సెల్స్‌తో పాటు కదులుతుంది, సాగుతుంది, ముడుచుకుంటుంది. చార్టు ఖాళీ భాగం మీద రైట్ క్లిక్ చేసి ఫార్మాట్ చార్ట్ ఏరియా, అందులో సైజ్ అండ్ ప్రాపర్టీస్, దాని కింద ప్రాపర్టీస్ తెరవండి. మూడు ఎంపికలుంటాయి. మూవ్ బట్ డోంట్ సైజ్ విత్ సెల్స్ అన్నది ఎంచుకుంటే వరుసలు దాచినా చార్టు సైజు మారదు.

ఇంత తిప్పలు ఎందుకు, డేటాను ఒక షీట్‌లో ఉంచి చార్టును ఇంకో షీట్‌లో పెట్టుకుంటే సరిపోదా అంటే, నిజానికి అదే మేలైన పద్ధతి. చార్టును కట్ చేసి కొత్త షీట్‌లో పేస్ట్ చేస్తే పాత షీట్‌లోని అంకెలతో దాని లంకె తెగదు. అంకె మారితే చార్టూ మారుతుంది. పైన చెప్పిన హైడ్ తంటాలు ఇంకొకరు తయారు చేసి ఇచ్చిన ఫైళ్లలో, షీట్లు కదపకూడని చోట పనికొస్తాయి.

ఒకే పేజీలో నాలుగు చార్టులు

మీటింగుకు ఒక్క కాగితం ఇస్తే చాలు, అందులో నాలుగు చార్టులు ఉండాలి అన్నప్పుడు చార్టులన్నీ కలిపి సెలెక్ట్ చేసి ప్రింట్ కొట్టడం సరైన దారి కాదు. సెలెక్ట్ చేసిన చార్టును పేజీ నిండా తీసే పద్ధతి ఒక చార్టుకే. ఇక్కడ షీట్‌నే కాగితంలా తయారు చేసుకోవాలి.

కొత్త షీట్ తెరిచి దానికి ప్రింట్ అని పేరు పెట్టండి. చార్టులు పెట్టకముందే పేజ్ లేఅవుట్ ట్యాబులో సైజ్ ఎ4, ఓరియంటేషన్ ల్యాండ్‌స్కేప్ ఎంచుకోండి. ఈ వరస ముఖ్యం. చార్టులు ముందు పేర్చి తర్వాత కాగితం ఎంచుకుంటే పేర్చిన పని మళ్లీ చేయాలి. ల్యాండ్‌స్కేప్ ఎ4లో నార్మల్ మార్జిన్లు పోను మనకు మిగిలేది సుమారు 26 సెంటీమీటర్ల వెడల్పు, 17 సెంటీమీటర్ల ఎత్తు. పైన హెడ్డింగుకు ఒక సెంటీమీటరు, మధ్యలో కాస్త సందు వదిలితే ఒక్కో చార్టుకు 12.5 సెంటీమీటర్ల వెడల్పు, 7.5 సెంటీమీటర్ల ఎత్తు హాయిగా సరిపోతాయి.

నాలుగు చార్టులనూ ఈ షీట్‌లోకి తెచ్చాక, కంట్రోల్ నొక్కి పట్టుకుని ఒక్కోదాని మీద క్లిక్ చేస్తూ అన్నీ ఎంచుకోండి. పైన వచ్చే షేప్ ఫార్మాట్ ట్యాబులో కుడి చివర ఎత్తు, వెడల్పు పెట్టెలుంటాయి. అక్కడ అంకెలు కొడితే నాలుగూ ఒక్కసారే ఒకే సైజుకు వస్తాయి. మౌస్‌తో లాగుతూ నాలుగింటినీ సమానం చేయాలని కూర్చుంటే పొద్దు గూకుతుంది. పక్కనే అలైన్ మెనూ ఉంటుంది. పై రెండింటినీ ఎంచుకుని అలైన్ టాప్, ఎడమ రెండింటినీ ఎంచుకుని అలైన్ లెఫ్ట్ కొడితే వరస కుదురుతుంది.

వ్యూ ట్యాబులో పేజ్ లేఅవుట్ అన్న వ్యూ పెట్టుకుంటే షీట్ నిజంగానే కాగితాల్లా కనిపిస్తుంది, పైన రూలరు కూడా ఉంటుంది. షీట్‌లో ఫ్రీజ్ పేన్స్ (కిందికి జరిపినా పై వరుసలు కదలకుండా నిలిపే సెట్టింగ్) పెట్టి ఉంటే ఈ వ్యూలోకి వెళ్లగానే అవి తీసేస్తానని హెచ్చరిస్తుంది. డేటా షీట్‌లో అయితే ఆలోచించుకోండి, ఈ కొత్త షీట్‌లో ఎలాగూ అవి ఉండవు.

నాలుగు చార్టులకూ నిలువు యాక్సిస్ ఒకే కొలతలో ఉందో లేదో కూడా చూడండి. ఒకదాంట్లో గరిష్ఠం 100, పక్కదాంట్లో 1,000 ఉంటే కాగితం మీద రెండు కాలమ్‌లూ ఒకే ఎత్తులో కనిపిస్తాయి. పక్కపక్కన పెట్టాక చదివేవాళ్లు ఎత్తులు పోల్చుకుంటారు, అంకెలు చదవరు.

నలుపు తెలుపు ప్రింటర్ అయితే

తెర మీద ఎరుపు, ఆకుపచ్చ ఎంత వేరుగా ఉంటాయో కాగితం మీద అంత ఒకేలా తయారవుతాయి. ఎందుకో ఒక లెక్క చూద్దాం. రంగును బూడిద రంగుగా మార్చేటప్పుడు ఎక్కువగా వాడే సూత్రం ఇది: ఎరుపు విలువను 0.299తో, ఆకుపచ్చను 0.587తో, నీలాన్ని 0.114తో గుణించి కూడతారు. నిండు ఎరుపు విలువ 255 కాబట్టి దాని బూడిద విలువ సుమారు 76. ముదురు ఆకుపచ్చకు ఆకుపచ్చ విలువ 128, దాని బూడిద విలువ సుమారు 75. 76కీ, 75కీ తేడా మనిషి కంటికి కనిపించదు. లాభం పచ్చ, నష్టం ఎరుపు అని చక్కగా రంగులు వేసిన చార్టు నలుపు తెలుపులో ఏది లాభమో ఏది నష్టమో చెప్పలేని చార్టు అవుతుంది.

కాబట్టి రంగుల మీద నమ్మకం తగ్గించి, వేరే గుర్తులు పెట్టండి. లైన్ చార్టులో ఒక్కో గీత మీద రైట్ క్లిక్ చేసి ఫార్మాట్ డేటా సిరీస్ తెరిస్తే డ్యాష్ టైప్ ఉంటుంది. ఒకటి నిండు గీత, ఒకటి చుక్కల గీత, ఒకటి పొడుగు డ్యాష్‌ల గీత చేసేయండి. పాయింట్ల దగ్గర మార్కర్లు కూడా మార్చుకోవచ్చు, ఒకదానికి గుండ్రం, ఇంకోదానికి త్రిభుజం. కాలమ్ చార్టుకైతే అదే చోట ఫిల్ కింద ప్యాటర్న్ ఫిల్ ఉంటుంది. ఒక సిరీస్‌కు (అంటే ఒకే రంగులో ఉన్న కాలమ్‌ల గుంపుకు) ఏటవాలు గీతలు, ఒకదానికి నిండు నలుపు, ఒకదానికి తెలుపు మీద నల్ల అంచు. మూడు సిరీస్‌ల దాకా ఇది బాగుంటుంది. ఐదారు ప్యాటర్న్‌లు ఒకే చార్టులో వేస్తే కళ్లు తిరుగుతాయి, అప్పుడు చార్టునే రెండుగా విడగొట్టడం మేలు.

ప్యాటర్న్‌లు నచ్చకపోతే చార్ట్ డిజైన్ ట్యాబులో ఛేంజ్ కలర్స్ తెరిచి మోనోక్రొమాటిక్ కింద ఉన్న వరసల్లో ఒకటి ఎంచుకోండి. ఒకే రంగు లేతగా, ముదురుగా వస్తుంది కాబట్టి బూడిదలోకి మారినా తేడా నిలుస్తుంది.

ఇంకో పని, నా లెక్కలో అన్నిటికన్నా ముఖ్యమైనది: లెజెండ్ (ఏ రంగు దేనిదో చెప్పే చిన్న పెట్టె) తీసేసి ప్రతి గీత చివర దాని పేరు రాయండి. గీత మీద ఒకసారి క్లిక్ చేసి, ఆఖరి పాయింట్ మీద మళ్లీ ఒకసారి క్లిక్ చేస్తే ఆ పాయింట్ ఒక్కటే సెలెక్ట్ అవుతుంది. రైట్ క్లిక్ చేసి యాడ్ డేటా లేబుల్ కొట్టి, ఫార్మాట్ డేటా లేబుల్స్‌లో సిరీస్ నేమ్ టిక్ పెట్టండి, వాల్యూ టిక్ తీసేయండి. ఇక చదివేవాళ్లు గీత నుంచి లెజెండ్‌కు, లెజెండ్ నుంచి గీతకు చూపు పరుగెత్తించక్కర్లేదు.

ప్రింట్ ప్రివ్యూలో నలుపు తెలుపు ఎలా ఉంటుందో చూడాలంటే ప్రింటర్ల జాబితాలో నలుపు తెలుపు ప్రింటర్‌ను ఎంచుకోండి, ప్రివ్యూ కూడా దాని ప్రకారమే నలుపు తెలుపులో కనిపిస్తుంది.

కాగితానికి సరిపోయేలా చార్టును సిద్ధం చేయడం

తెర మీద మౌస్ పెడితే అంకె కనిపిస్తుంది. కాగితం మీద వేలు పెడితే ఏమీ కనిపించదు. ఇది అందరికీ తెలిసిన సంగతే అయినా ప్రింట్ తీసేటప్పుడు ఎవరికీ గుర్తుండదు. ముఖ్యమైన పాయింట్ల దగ్గర, అంటే గరిష్ఠం, కనిష్ఠం, ఆఖరి నెల లాంటి చోట్ల, డేటా లేబుల్ పెట్టండి. అన్ని పాయింట్లకూ పెడితే అంకెలు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చుంటాయి. అన్ని అంకెలూ కావాల్సిందే అంటే చార్టు పక్కనున్న ప్లస్ గుర్తు నొక్కి డేటా టేబుల్ టిక్ పెట్టండి, చార్టు అడుగునే చిన్న పట్టిక వస్తుంది.

అక్షరాలు కాగితం మీద 9 పాయింట్లకు తగ్గకుండా చూసుకోండి. తెలుగులో పేర్లు రాస్తే ఇంకొక పాయింట్ పెంచండి. ఒత్తులు కింద ఉంటాయి, గుడులు పైన ఉంటాయి, చిన్న సైజులో అవి కలిసిపోయి ‘క్ష’ ఏదో ‘క్క’ ఏదో తెలియకుండా పోతుంది. నిలువు యాక్సిస్ పేరును అక్షరం కింద అక్షరం పేర్చే స్టాక్డ్ ఆప్షన్ తెలుగుకు అసలు నప్పదు. పేరును చార్టు పైన ఎడమ మూలన అడ్డంగానే రాసేయండి.

పేర్లు పొడుగై కింద ఏటవాలుగా వంగిపోతుంటే ఫాంటు తగ్గించకండి. కాలమ్ చార్టును బార్ చార్టుగా మార్చండి. పేర్లు ఎడమవైపు అడ్డంగా, తల తిప్పకుండా చదివేలా వస్తాయి.

ముదురు రంగు బ్యాక్‌గ్రౌండు ఉన్న స్టైల్స్ కాగితం మీదకు తేవద్దు. సిరా వృథా, కాగితం తడిసి ముడతలు పడుతుంది, లేత గీతలు కనిపించవు. గీతల మందం 1.5 నుంచి 2.25 పాయింట్లు ఉంటే బాగుంటుంది. గ్రిడ్‌లైన్స్ మాత్రం సన్నగా, లేత బూడిద రంగులో ఉంచండి.

తేదీ సంగతి కూడా చూడాలి. పేజ్ సెటప్‌లో హెడర్, ఫుటర్ దగ్గర తేదీ బటన్ నొక్కితే అది ప్రింట్ తీసిన రోజు తేదీ వేస్తుంది. కాగితం చూసేవాళ్లకు కావలసింది డేటా ఏ తేదీ వరకు ఉందన్నది. రెండు నెలల పాత అంకెలను ఇవాళ ప్రింట్ తీస్తే ఇవాళ్టి తేదీ పడుతుంది, చూసినవాళ్లు అవి తాజా అంకెలే అనుకుంటారు. దీనికి చక్కటి ఉపాయం ఉంది. షీట్‌లో ఒక సెల్‌లో ‘నెలవారీ అమ్మకాలు, మార్చి నెలాఖరు వరకు’ అని రాసుకోండి. చార్టు టైటిల్ మీద ఒకసారి క్లిక్ చేసి, పైన ఫార్ములా బార్‌లో = గుర్తు కొట్టి, ఆ సెల్ మీద క్లిక్ చేసి ఎంటర్ నొక్కండి. ఇక ఆ సెల్‌లో ఏది రాస్తే చార్టు టైటిల్ అదే. వచ్చే నెల అంకెలు మార్చేటప్పుడు పక్కనే ఉన్న ఆ సెల్ కూడా మార్చడం మర్చిపోరు.

వేరే కంప్యూటర్ నుంచి ప్రింట్ తీయాలంటే

ఫైలును ఎక్సెల్ రూపంలో పంపకండి. అక్కడ ఫాంటు లేకపోయినా, ప్రింటర్ వేరైనా పేజీలు తెగే చోటు మారిపోతుంది. పీడీఎఫ్ చేసి పంపండి. చార్టు మీద క్లిక్ చేసి ఫైల్, ఎక్స్‌పోర్ట్, క్రియేట్ పీడీఎఫ్ తెరిచి, ఆప్షన్స్‌లో సెలెక్టెడ్ చార్ట్ ఎంచుకుంటే చార్టు ఒక్కటే పీడీఎఫ్ అవుతుంది. సెల్ మీద క్లిక్ చేసి ఉంటే షీట్ అవుతుంది. ఇక్కడ కూడా క్లిక్ మహిమే. ఆ పీడీఎఫ్‌ను ప్రింట్ తీసేటప్పుడు ఫిట్ బదులు యాక్చువల్ సైజ్ పెట్టమనండి, మీరు కొలిచి పెట్టిన సెంటీమీటర్లు అలాగే వస్తాయి.

స్క్రీన్‌షాట్ తీసి పంపే అలవాటు ఉంటే ఒక్క లెక్క వేయండి. ప్రింట్ స్ఫుటంగా రావాలంటే అంగుళానికి 300 చుక్కలు కావాలంటారు. స్క్రీన్‌షాట్‌లో చార్టు వెడల్పు 800 పిక్సెళ్లు ఉందనుకుందాం. 800ను 300తో భాగిస్తే రెండున్నర అంగుళాల పైచిలుకు, అంటే 7 సెంటీమీటర్లు కూడా లేదు. దాన్ని 26 సెంటీమీటర్లకు సాగదీస్తే అక్షరాల అంచులు పళ్లు పళ్లుగా కనిపిస్తాయి. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే అది ఇంకా కుదిస్తుంది. పీడీఎఫ్ వద్దు, బొమ్మే కావాలంటే చార్టు మీద రైట్ క్లిక్ చేసి సేవ్ యాజ్ పిక్చర్ వాడండి, ఎస్‌వీజీ కనిపిస్తే అదే ఎంచుకోండి. ఎంత సాగదీసినా అంచు చెదరదు.

వర్డ్‌లో పెట్టి ప్రింట్ తీసేవాళ్లకు ఒక జాగ్రత్త. పేస్ట్ చేసేటప్పుడు ఎంబెడ్ అని ఉన్న ఆప్షన్ ఎంచుకుంటే చార్టుతో పాటు మీ వర్క్‌బుక్ మొత్తం ఆ వర్డ్ ఫైలులోకి వెళ్తుంది. చార్టు మీద రైట్ క్లిక్ చేసి ఎడిట్ డేటా కొట్టినవాళ్లకు జీతాలైనా సరే, ఇంకేమైనా సరే కనిపిస్తాయి. ప్రింట్ తీయడమే పని అయితే పిక్చర్‌గా పేస్ట్ చేయండి.

గూగుల్ షీట్స్, లిబ్రేఆఫీస్

గూగుల్ షీట్స్‌లో చార్టు మీద క్లిక్ చేస్తే కుడి పైమూలన మూడు చుక్కలు వస్తాయి. వాటిలో డౌన్‌లోడ్ చార్ట్ నొక్కి పీడీఎఫ్ ఎంచుకుని, ఆ పీడీఎఫ్‌ను ప్రింట్ తీయండి. చార్టు ఒక్కటే కావాలంటే ఇదే దగ్గరి దారి. అదే మెనూలో మూవ్ టు ఓన్ షీట్ కూడా ఉంటుంది. పట్టికతో కలిపి కావాలంటే కంట్రోల్, పి నొక్కాక కుడివైపు స్కేల్ దగ్గర ఫిట్ టు విడ్త్ పెట్టి, సెట్ కస్టమ్ పేజ్ బ్రేక్స్‌తో పేజీ ఎక్కడ తెగాలో సర్దుకోండి. ఫార్మాటింగ్ కింద షో గ్రిడ్‌లైన్స్ టిక్ తీసేస్తే చార్టు చుట్టూ డబ్బాలు పోతాయి.

లిబ్రేఆఫీస్ కాల్క్‌లో చార్టు మీద రైట్ క్లిక్ చేసి ఎక్స్‌పోర్ట్ యాజ్ ఇమేజ్ కొడితే ఎస్‌వీజీ, పీఎన్‌జీ లాంటి రూపాల్లో దాచుకోవచ్చు. ప్రింట్ రేంజ్ పెట్టుకోవడం ఫార్మాట్ మెనూలో ప్రింట్ రేంజెస్ కింద, పేజీ తెగే చోటు చూసుకోవడం వ్యూ మెనూలో పేజ్ బ్రేక్ దగ్గర ఉంటాయి. మిగతా సెట్టింగులు చాలావరకు ఫార్మాట్ మెనూలోని పేజ్ స్టైల్‌లో ఉంటాయి. దాన్లో షీట్ ట్యాబు తెరిస్తే చార్ట్స్ అని ఒక టిక్ కనిపిస్తుంది. అది తీసేసి ఉంటే మీరు ఎన్నిసార్లు కొట్టినా చార్టు రాదు.

చార్టు అసలు ప్రింట్ కాకపోతే

ఎక్సెల్‌లో తెర మీద ఉన్న చార్టు కాగితం మీద లేకపోతే ఈ వరసలో చూడండి. మొదట ప్రింట్ ఏరియా, చార్టు దాని బయట ఉందేమో. తర్వాత ఫార్మాట్ చార్ట్ ఏరియాలో, పైన చెప్పిన ప్రాపర్టీస్ కిందే, ప్రింట్ ఆబ్జెక్ట్ అన్న టిక్. ఎవరో తీసేసి ఉంటారు. ఆ తర్వాత పేజ్ సెటప్‌లో షీట్ ట్యాబులో డ్రాఫ్ట్ క్వాలిటీ. అది టిక్ అయి ఉంటే ఎక్సెల్ అంకెలు మాత్రం వేసి బొమ్మలు వదిలేస్తుంది.

తెర మీద కూడా చార్టులన్నీ ఒక్కసారిగా మాయమైతే చాలావరకు కంట్రోల్, 6 పొరపాటున నొక్కి ఉంటారు. అది వర్క్‌బుక్‌లోని చార్టులు, బొమ్మలు అన్నిటినీ దాచే షార్ట్‌కట్. మళ్లీ అదే నొక్కితే తిరిగొస్తాయి.

చార్టు వచ్చింది గానీ వెనకాల నాలుగు తెల్ల కాగితాలు కూడా వస్తున్నాయంటే కంట్రోల్, ఎండ్ నొక్కండి. షీట్‌లో వాడిన ఆఖరి సెల్ దగ్గరికి తీసుకుపోతుంది. ఎక్కడో రెండు వందల వరుసల కింద ఎప్పుడో కొట్టిన ఒక స్పేసో, వదిలేసిన బార్డరో ఉంటుంది. పట్టిక చివర నుంచి అక్కడిదాకా ఉన్న వరుసలన్నీ ఎంచుకుని డిలీట్ చేసి, ఫైలు సేవ్ చేసి, ప్రివ్యూలో పేజీల సంఖ్య తగ్గిందో లేదో చూసి ప్రింట్ కొట్టండి.